బగాన్ ఇటుకలు

బర్మా దేశంలో ఐరావతి నది ఒడ్డున బగాన్ అనే పాత రాజధాని ఉన్నది. 11వ శతాబ్దం నుండి 13వ శతాబ్దం వరకు ఆ దేశపు రాజులు అక్కడనుండి ఏలారు. 2018లో మేము ఆ స్థలాన్ని దర్శించాము. ఆ దేశానికి ఇప్పుడు మయన్మార్ అని పేరు గాని, తాతలు కూలికి రంగం వెళ్లిన మన పల్లెలలో బర్మా అంటేనే తెలుస్తుంది.

అంతా మెట్టభూమి. నువ్వుల చేలు, వేరుశనగ చేలు, తాటిచెట్లు, తాటిబెల్లం కాచే పాకలు. మన ఊరివలెనే ఉన్నదే అనుకుంటుండగానే చేల మధ్య గోపురాలు కనబడతాయి. శిథిలమైనవాటితో కలిపి 3,500కు పైగా కట్టడాలను లెక్కించారు. 1975లోను, 2016లోను వచ్చిన భూకంపాలు వీటిని బాగా దెబ్బతీశాయి. 2019లో యునెస్కో ఈ స్థలాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆనంద ఆలయంలో నాలుగు దిక్కులకు నాలుగు ఎత్తయిన బుద్ధ విగ్రహాలు నిలిచి ఉన్నాయి. బర్మా భాషలోకి బైబిలును అనువదించిన జడ్సనుగారు, సువార్తకు అనుమతి కోరడానికి 1820లో రాజు దగ్గరకు పోతూ దారిలో ఈ శిథిలాలను చూశారు. రాజు అనుమతి ఇవ్వలేదు.

గుడులు ఇటుకతో కట్టారు. ఇండ్లు కర్రతో కట్టుకున్నారు. అందుచేత రాజు మేడ, కూలివాని గుడిసె రెండూ పోయాయి. కొన్ని ఇటుకలమీద మాత్రం వాటిని పంపిన ఊరి పేరు అచ్చువేసి ఉంటుంది.

మమ్మును ఎక్కువసేపు నిలిపినది మ్యాజేదీ గుడి దగ్గరి ఒక రాతి స్తంభం. సుమారు 1113లో చెక్కించినది. నాలుగు ముఖాలమీద పాళీ, మోన్, ప్యూ, బర్మా భాషలలో ఒకే సంగతి వ్రాసి ఉన్నది. ప్యూ భాషను పండితులు తిరిగి చదవగలిగింది ముఖ్యంగా దీనివలననే. సంగతి ఇది: రాజు మరణావస్థలో ఉండగా కుమారుడు తండ్రి మేలుకొరకు బంగారు బుద్ధ విగ్రహం పోయించి, తనకు దక్కిన మూడు ఊళ్ల దాసులను దానికి ధారపోశాడు. ఊళ్ల పేర్లున్నాయి, మనుష్యుల పేర్లు లేవు. ఆ దాసులను బాధించేవాడు తన కొడుకైనా, మనుమడైనా రాబోయే బుద్ధుని దర్శనం పొందకుండును గాక అని శాపం కూడ పెట్టించాడు. అయినను తరువాతి కాలంలో గుడి దాసుల సంతతివారిని ఇతరులు అంటరానివారిగా ఎంచారు. దీనిని మన పాఠకులకు వివరించనక్కరలేదు.

1990లో సైనిక ప్రభుత్వం పాత కోట లోపల కాపురమున్నవారిని లేపి, దక్షిణాన కొత్త బగాన్‌కు తరలించింది. మా గుర్రపు బండి తోలిన పెద్దాయన ఆనాడు ఇల్లు విప్పుకొని పోయినవారిలో ఒకరు. ఆయన ఒక చింతచెట్టు దగ్గర బండి ఆపి, తమ వంటపాక ఎక్కడుండేదో, బావికి దారి ఎటో చేతితో చూపించాడు. అక్కడ ఇటుక ముక్క ఒక్కటి కూడ లేదు.