పన్నెండు మీద ఒకటి

పదమూడు అనే మాటలో పది ఉంది, మూడు ఉంది. తెలుగు పిల్లలకు ఆ లెక్క పలుకులోనే తెలిసిపోతుంది. మా సవర భాషలో పదమూడును ‘మిగ్గల్ బోయ్’ అంటాం. మిగ్గల్ అంటే పన్నెండు, బోయ్ అంటే ఒకటి. ఊరిని బట్టి పలుకు కాస్త మారుతుంది గాని లెక్క మారదు.

ఒకటి నుంచి పన్నెండు దాకా మాకు విడివిడి పేర్లున్నాయి. ఆ పైన పన్నెండుకే కలుపుకుంటూ పోతాం. పందొమ్మిదంటే పన్నెండు మీద ఏడు. ఇరవై దగ్గర కొత్త మెట్టు. ముప్పై మూడంటే ఇరవై, పన్నెండు, ఒకటి. ఎనభై అంటే నాలుగు ఇరవైలు. తెలుగు ద్రావిడ భాష, మాది ముండా భాష. ఇరుగుపొరుగున బతుకుతున్నా లెక్క కట్టే తీరు వేరు.

మా బిడ్డ బడికి వెళ్తాడు. బోర్డు మీద 13 ఉంటుంది. అందులో 1 అంటే పది అని మాస్టారు చెబుతారు. బిడ్డ నోట్లో ఉన్న పదమూడులో పది లేదు. తడబడతాడు. ‘వీడికి లెక్కలు రావు’ అనే మాట అక్కడే పడుతుంది. మాలో చాలామందిమి ఆ మాట మోస్తూనే పెరిగాం. కొందరు ఆ మాటతోనే బడి మానేశారు.

భాష మనిషి బుర్రకు సంకెళ్లు వేస్తుందని మేమనం. సవర బిడ్డ పదుల లెక్క నేర్చుకోగలడు, తెలుగు బిడ్డ పన్నెండ్ల లెక్క నేర్చుకోగలడు. కాకపోతే నడిచిన దారినే కాళ్లు ముందు పడతాయి. ఆలోచనా అంతే. పన్నెండు పళ్లను ఇద్దరికి, ముగ్గురికి, నలుగురికి, ఆరుగురికి మిగులు లేకుండా పంచవచ్చు. పదింటిని ముగ్గురికి పంచితే ఒకటి మిగులుతుంది. పట్నంలోనూ అరటిపళ్లు డజన్ల లెక్కే. ఫ్రెంచి వాళ్లు ఈనాటికీ ఎనభైని నాలుగు ఇరవైలనే అంటారు. వాళ్లకు లెక్కలు రావని ఎవరూ అనరు.

గిడుగు రామమూర్తి పంతులు గారు మా భాష నేర్చుకొని 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు. ఆయన పుట్టిన ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. ఆ రోజు సభల్లో ఒక్క సవర మాటైనా వినబడాలి కదా! ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో సవరతో కలిపి 8 గిరిజన భాషల్లో చిన్న తరగతుల చదువు మొదలైంది. పుస్తకం అచ్చయితే సరిపోదు, తరగతిలో ఆ మాట పలకాలి.

మాస్టార్లూ, ఒక పని చేసి చూడండి. బిడ్డ చేత పదమూడు చీపురు పుల్లలు లెక్కపెట్టించండి. పన్నెండు కట్ట కట్టి, ఒకటి పక్కన పెడతాడు. కట్ట విప్పించి పదింటిని మళ్లీ కట్టించండి. మిగిలిన రెండూ పక్కనున్న ఒకటీ కలిపితే మూడు. బోర్డు మీది 13 వాడి కళ్లముందే ఉంటుంది. వాడి లెక్క తప్పని చెప్పే అవసరమే రాదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మనలో చాలామందిమి పది దాటగానే తెలుగులోకి దిగిపోతున్నాం. తెలుగు కావాలి, ఇంగ్లీషూ కావాలి. వాటితోపాటు సంతలో చింతపండు అమ్మేటప్పుడు, కొండచీపుర్లు కట్టేటప్పుడు మన లెక్క కూడా పైకే పలుకుదాం. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి వంద దాకా రాసిపెట్టుకుందాం. పన్నెండు మీద ఒకటి అని ఆలోచించగలిగే వాళ్లం మనం. ఆ ఆలోచన మన పిల్లలకూ అందాలి.