ఒక్క మాట మార్చిన రోజు

పోస్టు కాస్త పొడుగు, ముందే చెప్పేస్తున్నాం. కాఫీ కలుపుకొని కూర్చోండి.

డిసెంబరు వస్తే మద్రాసులో మన పని తెలిసిందే. పొద్దున ఒక సభ, సాయంత్రం ఇంకో సభ, మధ్యలో క్యాంటీను. ఇంటికొచ్చాక ఏ విద్వాంసుడు త్యాగయ్యగారి మాటను ఎక్కడ విరిచాడో లెక్కలు తీయడం. మాట మధ్యలో తుంచి ఊపిరి తీసుకున్నారంటే మనకు కచేరీ అంతా చేదైపోతుంది. అలాంటి మేం నలుగురం పోయిన సీజనులో, కచేరీ లేని ఒక ఆదివారం, మాలో ఒకరింట్లో చేరి కావాలనే మాట మార్చి పాడిన పాట ఒకటి విన్నాం. ఆ ఇంటి అబ్బాయి పెట్టిన సీడీ అది. 1989 డిసెంబరు 25న తూర్పు బెర్లిన్‌లో లెనార్డ్ బెర్న్‌స్టైన్ నడిపిన బీథోవెన్ తొమ్మిదో సింఫనీ. స్టూడియోలో చేసింది కాదు, జనం ముందు జరిగిన కచేరీలోనే రికార్డు చేసింది.

సందర్భం గుర్తుండే ఉంటుంది. నవంబరు 9న బెర్లిన్ గోడ తెరుచుకుంది. డిసెంబరు 22న బ్రాండెన్‌బర్గ్ గేటు తెరిచారు. ఆ మూడో రోజే ఈ కచేరీ. వాద్యబృందంలో ఎక్కువమంది బవేరియా రేడియోవాళ్లు. వారి పక్కన తూర్పు జర్మనీలోని డ్రెస్డెన్ నుంచి, న్యూయార్క్, లండన్, పారిస్, లెనిన్‌గ్రాడ్‌ల నుంచి వచ్చిన కళాకారులు. యుద్ధం తరువాత బెర్లిన్‌ను పంచుకున్న నాలుగు దేశాలూ, విడిపోయిన రెండు జర్మనీలూ ఒకే వేదిక మీద కూర్చున్నాయన్నమాట. కచేరీ జరిగిన షౌస్పీల్‌హౌస్ కూడా యుద్ధంలో కూలిపోయి, 1984లో మళ్లీ తెరుచుకున్న భవనమే.

ఇక ఆ మాట సంగతి. సింఫనీ చివరి భాగంలో షిల్లర్ 1785లో రాసిన పద్యాన్ని పాడతారు. అందులో అసలు మాట ‘ఫ్రాయ్‌డె’, అంటే ఆనందం. బెర్న్‌స్టైన్ దాన్ని తీసేసి ‘ఫ్రైహైట్’ అని పాడించాడు. అంటే స్వేచ్ఛ. జర్మనులో రెండూ రెండేసి అక్షరాల మాటలే కనుక వరసకు ఇబ్బంది లేదు. షిల్లర్ మనసులో మొదట ఉన్నది స్వేచ్ఛేననీ, భయం కొద్దీ ఆనందం అని రాశాడనీ ఒక పాత కథ ఉంది. దానికి ఆధారం లేదు. కట్టుకథ కావచ్చని బెర్న్‌స్టైన్ కూడా ఒప్పుకున్నాడు. అయినా ఈ సమయంలో ఇలా పాడితే బీథోవెన్ దీవిస్తాడనే తన నమ్మకమని చెప్పుకున్నాడు.

మా పెద్దాయనకు ఒళ్లు మండింది. “త్యాగయ్య కృతిలో ఎవడైనా ఇలా మాట మారిస్తే మీరు ఊరుకుంటారుటయ్యా?” అన్నారు. నిజమే కదా! త్యాగయ్యా బీథోవెనూ ఒక కాలం వారు. ఒకరు 1767లో పుడితే ఒకరు 1770లో. తిరువయ్యారు సాహిత్యానికి ఉన్న కాపలా వియన్నాలో రాసినదానికి వద్దా? ఇంకొకరు అడ్డం వచ్చారు. బీథోవెన్ మాత్రం షిల్లర్ పద్యాన్ని ఉన్నదున్నట్టు తీసుకున్నాడా? కొన్ని చరణాలు ఏరుకున్నాడు, వరస మార్చుకున్నాడు, పైన తన సొంత మాటలు చేర్చాడు. కాఫీ రెండో విడత వచ్చినా వాదన తెగలేదు.

మాకు తోచింది చెప్తాం. ఆ రోజు బెర్న్‌స్టైన్ చేసిన పెద్ద పని మాట మార్చడం కాదు. దాని గురించే అందరూ మాట్లాడతారు గానీ, అసలు సంగతి మూడో భాగంలో ఉంది.

వాళ్ల సంగీతంలో కండక్టరు ఒక్క స్వరం కూడా పలికించడు. స్వరాలన్నీ కాగితం మీద ఉంటాయి. మన గాయకుడిలా కల్పన చేసే వీలు లేదు. ఇక ఆయన చేతిలో మిగిలేవి నడక, బరువు, ఏ వాద్యం పైకి వినబడాలన్న నిర్ణయం. మూడో భాగం నెమ్మదిగా నడిచేది. బీథోవెన్ దానికి నిమిషానికి 60 దెబ్బలని లెక్క రాశాడు. అది పట్టుకొని 11, 12 నిమిషాల్లో ముగించినవాళ్లున్నారు. బెర్న్‌స్టైన్ దాదాపు 20 నిమిషాలు తీసుకున్నాడు. లెక్క ప్రకారం చూస్తే తప్పే. క్షేత్రయ్య పదాన్ని చౌకకాలంలో పాడగా విన్నవాళ్లకు మాత్రం ఇది వెంటనే అర్థమవుతుంది. చౌకంలో దాక్కోవడానికి చోటుండదు. వయొలిన్లు ఒక వాక్యం ముగిస్తాయి, దాని తోకను క్లారినెట్లూ బసూన్లూ అందుకుంటాయి. ఆ అందుకునే చోట అక్కడక్కడా చిన్న వణుకు వినిపిస్తుంది. ఇన్ని ఊళ్ల మనుషులు పక్కవాడి ఊపిరి కోసం చెవులు రిక్కించి వాయిస్తున్నట్టు ఉంటుంది. చివరలో బాకాలు రెండుసార్లు పిలిచినట్టు మోగుతాయి. అంత నిదానం తరువాత ఆ పిలుపుకు మా పెద్దాయన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. అంతవరకూ నిద్రపోతున్నారనుకున్నాం.

అప్పటికి బెర్న్‌స్టైన్ వయసు 71. తరువాత పది నెలలు కూడా బతకలేదు. 1990 అక్టోబరు 14న పోయాడు. అది తెలిసి వినడం వల్లే మాకు ఆ నిదానం అంత బరువుగా తోచిందేమో. చివరి భాగంలో తూర్పు బెర్లిన్ రేడియో గాయకులు, డ్రెస్డెన్ పిల్లలు కలిసి ఆ మారిన మాట అందుకుంటే, తప్పూ ఒప్పూ తేల్చాలన్న పట్టుదల మాలో తగ్గింది. పెద్దాయన మాత్రం “ఆ ఒక్క రోజుకు సరే, రేపు మళ్లీ పాత మాటే పాడాలి” అన్నారు. మాకూ అదే సబబనిపించింది.

ఇదంతా మన సంఘం గోడ మీద ఎందుకంటే, ఉగాది బృందగానం అభ్యాసంలో జరిగింది చాలామందికి తెలుసు. మన పిల్లలు తెలుగు పాటను తమిళ అక్షరాల్లో రాసుకుంటారు. అక్కడ ‘క’కూ ‘గ’కూ ఒకటే అక్షరం. ఒక పాప ‘గ’ ఉన్నచోట ‘క’ అంటే, మేమే అందరి ముందూ మూడుసార్లు ఆపాం. మరుసటి వారం పాప రాలేదు. బెర్న్‌స్టైన్ తెలిసి మార్చాడు, పాప తెలియక మార్చింది, రెండూ ఒకటి కావని మాకు తెలుసు. ‘గ’ అంటే ‘గ’ అనే పలకాలి, అందులో మాకు ఇప్పటికీ సందేహం లేదు. కానీ పాట ఇంకా పిల్లల నోట నిలవకముందే మేం వేగం పెంచేశాం. పక్కవాళ్ల గొంతు వినే వ్యవధి కూడా ఇవ్వలేదు. ఆ సీడీ విన్నాక గుచ్చుకున్నది అదే.

వాళ్ల అమ్మగారికి ఫోను చేశాం. పరీక్షలండీ అన్నారు. కావచ్చు. ఈసారి తమిళ కృతుల పుస్తకాల్లో వేసినట్టు అక్షరం పక్కన అంకెలు వేసి కాగితాలు తయారు చేయించాం. మూడు అంకె ఉంటే ‘గ’. పాట చౌకంలోనే మొదలుపెడతాం. వచ్చే ఆదివారం సాయంత్రం అయిదింటికి పిల్లల్ని పంపండి. సీడీ మా దగ్గరే ఉంది, కావలసినవారు తీసుకెళ్లండి. మూడో భాగం మధ్యలో మాత్రం లేచి వెళ్లకండి.