ఇంటిబండికి ఏటేటి పరీక్ష

ఇంగ్లండునకు కాపురమునకు వచ్చిన తెలుగు గృహిణి తొలియేటనే నేర్చుకొను మాటలలో "ఎమ్.ఓ.టి." యనునది యొకటి. మూడేండ్లు నిండిన ప్రతి కారును ఏడాదికొకమాఱు పరీక్షకు గొనిపోయి, రోడ్డుపై నడుపదగినదని పత్రము పొందవలయును. ఆ పత్రము లేని బండిని వీథిలోనికి దీయరాదు. ముందుగా వేళ కుదుర్చుకొని పరీక్షకుగాని, మరమ్మతునకుగాని పోవునపుడు మాత్రము మినహాయింపు కలదు. మీఱినవారికి 1000 పౌండ్లవఱకు జరిమానా విధింపవచ్చును. మన దేశమున సొంతకారునకు మొదటి 15 ఏండ్లు పొగపరీక్షయే గాని యిట్టి నిలువెల్ల పరీక్ష లేదు; ఆ గడువు దాటి రిజిస్ట్రేషను తిరిగి చేయించుకొనునపుడే ఫిట్‌నెస్ చూతురు. అందుచేత మనవారికిది మొదట నొక పీడగా దోచును. నాకు మాత్రము పాతబండి కొనదలచిన సంసారికి ఇంతకంటె నుపకారమైన యేర్పాటు మఱియొకటి లేదని తోచుచున్నది. అయితే ఆ పత్రమును చదువుట తెలిసియుండవలయును.

ఈ పరీక్ష 1960వ సంవత్సరమున, ఎర్నెస్ట్ మార్పుల్స్ రవాణామంత్రిగా నున్నకాలమున మొదలయ్యెను. ఆయన శాఖ పేరులోని మొదటి యక్షరములే పరీక్షకు పేరైనవి. శాఖకు పిమ్మట పేరు మాఱినను పరీక్ష మాత్రము పాతపేరు విడువలేదు, పుట్టింటిపేరు మానని కొందఱు కోడండ్రవలె. మొదట 10 ఏండ్లు దాటిన బండ్లకే, అదియు బ్రేకులు, దీపములు, స్టీరింగు మాత్రమే చూచెడివారు. 1961లో ఆ గడువును 7 ఏండ్లకును, 1967లో 3 ఏండ్లకును దించిరి. ఉత్తర ఐర్లండునందు మాత్రము 4 ఏండ్లు. ఇప్పుడు టైర్లు, స్ప్రింగులు, సీటుబెల్టులు, అద్దము, వైపర్లు, హారను, అడుగుభాగపు తుప్పు, పొగ, అన్నియు చూతురు. కారునకు పరీక్షారుసుము 54 పౌండ్ల 85 పెన్నీలకు మించరాదు; తక్కువకు చేయు గ్యారేజీలును కలవు.

2018 మే 20వ తేదీనుండి లోపములను మూడు తరగతులుగా వ్రాయుచున్నారు: ప్రమాదకరము, పెద్దది, చిన్నది. మొదటి రెండింటిలో నే యొక్కటి యున్నను బండి తప్పినట్లే. ఇవిగాక "సలహా" యనునది వేఱొకటి కలదు. ఇప్పటికి తప్పు కాదుగాని కన్నువేసి యుంచుడని యర్థము. గృహిణి కంటికి ముఖ్యముగా నానవలసినది ఈ సలహాయే యని ముందు చెప్పబోవుచున్నాను.

ఇక్కడి మన కుటుంబములు కోరునది తఱచుగా ఎస్‌యూవీ యను నెత్తైన బండి. వేడుక కొంత లేకపోలేదు. కాని అవసరమును కలదు. మా అత్తగారు మామగారు వేసవికి వచ్చి ఆఱునెలలుందురు. మోకాళ్లనొప్పులు గల అత్తగారికి పల్లపుకారులో కూలబడుటయు, మఱల లేచుటయు నొక శిక్ష. ఎత్తైన బండియైనచో కుర్చీమీద కూర్చున్నట్లే కూర్చుందురు. పసివానిని వాని సీటులో కట్టుటకు తల్లి నడుము వంచి లోన దూఱవలసిన పని లేదు. బియ్యపుబస్తా, మడతబండి, సంచులు, అన్నియు వెనుక నిముడును. క్రొత్తదాని వెల మాబోటివారికి అందరానిది గనుక వాడినదానినే వెదకుదుము.

వెదకునపుడు మగవారు మొదట పట్టుకొనునది కంపెనీపేరు. మొన్న ఉగాదినాడు ఇక్కడి తెలుగువారందఱును కూడినపుడు పచ్చడి పంచుచు ఆ వాదము విన్నాను. ఒకరు జపానుబండి పరీక్ష తప్పనే తప్పదందురు. ఒకరు జర్మనీబండి ఉక్కుగుండందురు. వేఱొకరు సండర్లాండులో తయారై 2007నుండి యీ దేశపు వీథుల నిండిన నిస్సాన్ కష్‌కాయ్ అయినచో విడిభాగములు మూలమూలకు దొరకునందురు. ఈ చివరి మాట కొంత లెక్కలోనిది. తక్కినవన్నియు సంబంధము చూచువారు వంశముపేరు చెప్పి పిల్లవాని సంగతి దాటవేయుట వంటివి.

ఏ రకపు బండ్లు నూటికెన్ని మొదటి పరీక్షలో నెగ్గుచున్నవో పట్టికలు వేయువారు కలరు. పట్టికలు అబద్ధమాడవు. ఇటీవలి సంవత్సరములలో అన్ని రకముల కార్లును కలిపి పదింటిలో దాదాపు మూడు మొదటిసారి తప్పుచున్నవనుటయు నిజమే. కాని తప్పుటయన్నది యేమిటి? వెనుక దీపము వెలుగకున్నను తప్పే. అద్దము కడుగుటకు నీరు పోయక పరీక్షకు తెచ్చినను తప్పే. బ్రేకుగొట్టము తుప్పుతిని పగులబోవుచున్నను తప్పే. లెక్కలో మూడును ఒక్కటియే. ఒకటి చిల్లరతో తీఱును, ఒకటి మంచినీటితో తీఱును. మూడవది ప్రాణముతో పని. మఱియు జాగ్రత్తగల యజమాని పరీక్షకు ముందే గ్యారేజిలో చూపించి లోపములు తీర్చుకొనిపోవును. ఆ నెగ్గుట బండి గుణమో, యజమాని గుణమో పట్టిక చెప్పజాలదు. మిక్కిలి చెడిన పాతబండ్లు తుక్కునకు పోయి లెక్కలోనికే రావు. అందుచే పదునాలుగేండ్ల బండ్లలో కనబడునవి గట్టివి మాత్రమే. మూడేండ్ల బండిని పదేండ్లదానితో పోల్చి పేరు నిర్ణయించుట యెట్లున్నదనగా, పెండ్లినాటి పట్టుచీరను నిత్యము కట్టు నూలుచీర ప్రక్కనబెట్టి నేతగాని నిందించినట్లున్నది.

కావున చూడవలసినది రకము చరిత్ర కాదు, మన ముంగిటికి రాబోవు ఆ యొక్క బండి చరిత్ర. ఇది యీ దేశమున ఎవరికైనను ఉచితముగా దొరకును. 2005నుండి జరిగిన పరీక్షల వివరములను ప్రభుత్వము దాచియుంచినది. బండి నెంబరు ఫోనులో కొట్టినచో ఏయేట నెగ్గెను, ఏయేట తప్పెను, దేనికి తప్పెను, ఏ సలహా వ్రాసిరి, ఆనాటికి ఎన్ని మైళ్లు తిరిగెను, అంతయు వరుసగా వచ్చును. బండినెక్కి చూడకమునుపే, అమ్మువాని మాటలు వినకమునుపే, వంటింట కూర్చుండి చదువవచ్చును. మూడేండ్లక్రిందట మేము బండి కొనునపుడు నేను చేసినపని యిదియే.

రెండు బండ్లు మాకు నచ్చినవి. మొదటిది ఒక వర్తకునియొద్ద నున్నది. ఎనిమిదేండ్లది, డీసెలుది, అద్దమువలె మెఱయుచుండెను. ఐదు పరీక్షలలో నొక్కటియు తప్పలేదు. మావారికి మనసు దానిమీదనే యుండెను. "ఎన్నడును ఫెయిలుకాని బండి, ఇంకేమి కావలయును?" అనిరి. నేను సలహాలు వరుసగా చదివితిని. మూడవ పరీక్షలో వెనుక బ్రేకుగొట్టములపై స్వల్పముగా తుప్పు. నాలుగవదానిలో అవియే గొట్టములు, అదియే తుప్పు. ఐదవదానిలో మఱల నదియే. "స్వల్పముగా" నను మాట మాత్రము లేదు. టైర్లు హద్దునకు దగ్గఱపడినవని రెండేండ్లు వరుసగా వ్రాసియుండెను. అనగా ఆ యింటివారు పరీక్షకు కావలసినంతయే చేసిరి, చెప్పినది చేయలేదు. తిరిగినది ఏడాదికి రెండువేల మైళ్లలోపు. తక్కువ తిరిగిన బండి మంచిదని మనవారి నమ్మకము. డీసెలుబండి విషయమున నిది తలక్రిందులు. దాని పొగగొట్టములో మసిని పట్టు జల్లెడ యొకటి యుండును. దూరము పోయి బాగుగా వేడెక్కిననే ఆ మసి కాలిపోవును. బడికిని అంగడికిని తిరుగు బండిలో అది పూడుకొనిపోవును. మార్పించుట మిక్కిలి ఖర్చు. కొందఱు దానిని తీసివేయించుచుండగా, 2014నుండి ఆ జల్లెడ యున్నదా లేదా యని పరీక్షలోనే చూచుచున్నారు.

రెండవ బండి పెట్రోలుది, తొమ్మిదేండ్లది. ఉద్యోగము విరమించిన యొక ఉపాధ్యాయిని సొంతమునకు వాడుకొన్నది. తలుపుమీద గీత యున్నది. ఏడాదికి తొమ్మిది పదివేల మైళ్లు తిరిగినది. ఆఱు పరీక్షలలో రెండుమాఱులు తప్పినది! ఒకమాఱు ముందు స్ప్రింగు విఱిగెను. ఒకమాఱు క్రిందిచేతి బుష్షు అఱిగి, దానితోపాటు దీపమొకటి పోయెను. కాని ఒకయేటి లోపము మఱుసటియేట మఱల కనబడలేదు. సలహాలును అంతే, ఒకయేట వ్రాసినది పైయేటికి తీఱిపోవును. ఆమె రసీదులన్నియు నొక సంచిలో తేదీవరుసను పెట్టియుంచినది.

"రెండుసార్లు ఫెయిలైనదానిని కొందమనుచున్నావా?" అని మావారు నవ్విరి.

"ఏమండీ, జబ్బుచేసినపుడెల్ల వైద్యము చేయించుకొన్నవాడు మేలా, మూడేండ్లుగా దగ్గు దాచుకొన్నవాడు మేలా?" అంటిని.

వెనుకసీటులో అత్తగారును పిల్లలును, వెలుపల వాన, మోటార్‌వేమీద గంటకు 70 మైళ్లు. అట్టివేళ ఆ బ్రేకుగొట్టముపై ఆధారపడవలసినవారము మేము. ఆ మాటయు చెప్పితిని. వారు కొంతసేపూరకుండి, రెండు చరిత్రలను ప్రక్కప్రక్కన పెట్టుకొని తామే చదివిరి. గీతబండినే కొంటిమి.

ఇక పరీక్ష చూడనివి కొన్ని గలవు. ఇంజను లోపలి స్థితిని, క్లచ్చిని, గేరుపెట్టెను పరీక్షకుడు పరిశీలింపడు. ఏ భాగమును విప్పడు. క్రింద ప్లాస్టికు మూతలు బిగించియున్నచో వాని వెనుక నేమున్నదో అతనికి తెలియదు. టైమింగు బెల్టు గడువు దాటియున్నను పత్రము వచ్చును. పైవారమే అది తెగి ఇంజను నాశనము కావచ్చును. అప్పుడు పరీక్ష తప్పు చెప్పెననుటకు వీలులేదు. దానిని అడిగిన ప్రశ్న వేఱు. ఈనాడు ఈ బండి రోడ్డుపై క్షేమముగా నడుచునా యన్నదే ప్రశ్న. ఏడాది పొడుగున నడుచునని ఎవరును పూచీపడలేదు. అందుచేత బెల్టు మార్పించిన రసీదు చూచియే, వేఱొక మెకానిక్కు చేత ఇంజను చూపించియే మేము డబ్బు చెల్లించితిమి.

ఎత్తుబండ్లకు ప్రత్యేకమైన బాధలును కొన్ని కలవు. బరువెక్కువ గనుక బ్రేకులు, బుష్షులు త్వరగా అఱుగును. చక్రములు పెద్దవి గనుక టైర్ల వెలయు పెద్దదే. ఇక్కడి రోడ్లగుంతలలో పడి స్ప్రింగులు విఱుగుట సామాన్యము. చలికాలమున మంచు కరగుటకు రోడ్లపై చల్లు ఉప్పు అడుగుభాగమును, బ్రేకుగొట్టములను తినివేయును. ఊరగాయజాడీకి ఇనుపగరిటె తగదని మనకెవరును చెప్పనక్కరలేదు గదా. నాలుగు చక్రములను త్రిప్పు బండ్లలో నొక టైరు క్రొత్తది, వేఱొకటి అఱిగినది యైనచో లోపలి యంత్రమునకు శ్రమ. కాని చూపునకు ఎస్‌యూవీలైనవానిలో అనేకము రెండు చక్రములతో నడచునవియే. ఊళ్లలో తిరుగు సంసారికవి చాలును, చెడుటకు భాగములును తక్కువ.

పరీక్షకు ముందు ఇంటిలోనే చూచుకొనుటకు పావుగంట చాలును. మా పెద్దవాడు బండివెనుక నిలిచి, నేను బ్రేకు నొక్కినపుడెల్ల "వెలిగిందమ్మా!" యని కేకవేయును. వైపరురబ్బరు చినిగినదేమో, అద్దపునీరున్నదో లేదో, సీటుబెల్టు లాగినచో బిగియుచున్నదో లేదో చూతును. టైరుగాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదు. 20 పెన్నీల నాణెమును గాడిలో నిలిపినపుడు దాని అంచుపట్టీ కనబడకున్నచో భయములేదు. గడువునకు నెలలోపుగా ముందే పరీక్ష చేయించినను పైయేటి తేదీ మాఱదు; అందుచే నేను చివరిరోజువఱకు ఆగను.

మాచేతికి వచ్చినపిమ్మట బండికి మూడు పరీక్షలైనవి. మొదటిదానిలో నేమియు వ్రాయలేదు. రెండవదానిలో వెనుక బ్రేకుప్యాడ్లు పలుచబడినవని సలహా వ్రాసిరి. ఆ నెలలోనే మార్పించితిమి. ఈయేడు ముందు కుడిటైరు అంచు అఱిగినదన్నారు; చక్రముల వరుస సరిచేయించి రెండు టైర్లును వేయించితిమి.

ఇప్పుడు మా వీథిలోని తెలుగువారు బండి కొనదలచిన తోడనే నెంబరు నాకు పంపుచున్నారు. నిన్న ఒక సోదరి పంపినదానిలో, నాలుగవ పరీక్షనాడు 68 వేల మైళ్లున్న బండి ఐదవనాడు 52 వేలు చూపినది. పరీక్షకుడు అంకె తప్పుగా కొట్టెనేమో, అట్టివియు జరుగుచుండును. లేక మీటరును ఎవరైన వెనుకకు త్రిప్పిరేమో. తరువాతి పరీక్షలలో అంకె ఏ తోవను పోయినదో చూడగా 52 తరువాత 55, ఆపై 59. అమ్మువానిని పాత రసీదులు చూపుమని యడిగి, అవి చూచినదాక బయానా ఈయవలదని ఆమెకు ఫోను చేసి చెప్పితిని. అతని జవాబు ఇంకను రాలేదు.