చేవెళ్ల మఱ్ఱుల నీడనుండి సురభివారి తెఱ ముందునకు

చేవెళ్లనుండి హైదరాబాదునకు పోవు బాట మొయినాబాదు మీదుగా సాగును. దారి పొడవునను మఱ్ఱిచెట్లు. ఊడలు ఇరుప్రక్కలనుండి వ్రాలి పందిరి వేసినట్లుండును. చిలుకూరునకు దారి చీలుచోట మా యత్తగారు బాలాజీకి చేతులు జోడించిరి. ఆమె చిన్ననాట నాటకమువారు తమ యూరికి వచ్చినపుడు, ఆడుపిల్ల యని పెద్దలు గడప దాటనీయలేదట. హార్మోనియము మాత్రము రాత్రియంతయు వినవచ్చెనట. ఆ వెలితి తీర్చుటకే మా యీ ప్రయాణము.

పాశ్చాత్యులు పాటతో కథ నడపు నాటకమును ఆపెరా యనియు, నృత్యముతో నడపుదానిని బాలే యనియు నందురు. వానికై వారు గొప్ప భవనములు కట్టుకొనిరి. మనకును రవీంద్రుని శతజయంతి సంవత్సరమగు 1961లో హైదరాబాదున రవీంద్రభారతి వెలసినది. పద్యనాటకము, కూచిపూడి కలాపము మనకు అంతకు పూర్వమునుండియు నున్నవే.

సోదరీమణులారా, ఒక చిత్రము వినుడు. పోపుల యేలుబడిలోని రోమునగరమున చాలకాలము స్త్రీలు రంగమెక్కరాదను నిషేధముండెను. స్త్రీపాత్రలను పురుషులే పాడిరి. మన యాంధ్రదేశమునను సత్యభామ యనగా స్థానం నరసింహారావుగారే! వారి ప్రతిభకు నమస్కారమే కాని, మనవారిని ఇంట కూర్చుండబెట్టి మన చీరలు కట్టుకొనుట నాకు కొంత నవ్వు పుట్టించును.

సురభివారి త్రోవ వేఱు. 1885లో కడపమండలపు సురభి గ్రామమున కీచకవధతో వనారస గోవిందరావుగారు ప్రారంభించిన యా సమాజమున కుటుంబమే నాటకము. ఇంటి స్త్రీలే స్త్రీపాత్రలు ధరించిరి. కావలసినపుడు పురుషపాత్రలును ధరించిరి. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ భక్తప్రహ్లాదలో లీలావతి యైన సురభి కమలాబాయి రంగస్థలముమీదనే జన్మించెనని చెప్పుదురు.

మేము రవీంద్రభారతిలో చూచినది మాయాబజారు. చిత్రించిన తెఱలు ఱెప్పపాటులో మాఱెను. బాణము బాణముతో నడుమనే ఢీకొని నిప్పులు రాల్చెను. లడ్డులు ఘటోత్కచుని నోటిలోనికి ఎగిరిపోవుచుండగా మా యత్తగారు చిన్నపిల్లవలె చప్పట్లు చఱచిరి. రాగము సాగినప్పుడు మాత్రము కదలక కూర్చుండిరి.

తెఱ పడినపిమ్మట లోపలికి పోతిమి. శశిరేఖ వేషము వేసిన యామె రంగు తుడుచుకొనకయే బిడ్డకు పాలిచ్చుచుండెను.

“ఇప్పుడు ఇంటికి పొయ్యి వంట చేసుకోవాల్నా బిడ్డా?” అని మా యత్తగారడిగిరి.

“మా ఇంట్లో అందరమూ వేషాలు కట్టేవాళ్లమే అమ్మమ్మా, ఏ పూట ఎవరికి వేషం లేకపోతే ఆ పూట వారిదే వంట.”

ఆ మాట విని మా యత్తగారు బిడ్డ తల నిమిరి, మఱేమియు ననలేదు. తిరుగుదారిలో మొయినాబాదు దాటి మఱ్ఱుల చీకటిలో ప్రవేశించితిమి. అప్పుడామె సన్నని గొంతుతో ఒక పద్యమెత్తుకొనిరి. ఇరువదియేండ్లుగా ఆ యింట కాపురమున్న నాకు, ఆమెకు పద్యము వచ్చునని అంతవఱకు తెలియదు.