బడి గడపలో ఇంటి మాట

కొరాపుట్టు సీమ 1936 ఏప్రిల్ 1న విశాఖపట్టణము జిల్లానుండి విడివడి ఒడిశాలో చేరినది. ఆ గీత మా ఇండ్లను కదల్పలేదు గాని మా బడులలోని అక్షరములను మార్చినది. జయపురమునుండి మల్కన్‌గిరికి పోవు బాటలోని బొయిపరిగుడలో స్థిరపడిన మాకు ఇంట తెలుగు, బడిలో ఒడియా, సంతలో దేశియా.

బడిలో చేరిన తొలినాడు పంతులుగారు మమ్ము జూచి “పాణి ఆణ” అనిరి. నీళ్లు తెమ్మని వారి భావము. మేము “పని” యని విని, చీపురు తెచ్చి అరుగు ఊడ్చితిమి. తరగతి యంతయు నవ్వెను. ఆపై పెక్కునాళ్లు నోరు విప్పక “మొద్దు” అను బిరుదు గడించితిమి. ఇంట చదివినవారుండి, సాయంకాలము ప్రతి మాటకును తెలుగు చెప్పిరి గనుక గట్టెక్కితిమి.

ఇంత పడియు, ఆ బాధను ఇతరులలో గుర్తింపలేకపోతిమి. కొన్నియేండ్ల క్రిందట మా అరుగుపై పిల్లలకు చదువు చెప్పుచుండగా దురువ బాలుడొకడు వచ్చుచుండెను. సంతలో తల్లి ప్రక్కన కూర్చుండి చింతపండు లెక్క క్షణములో తేల్చువాడు, పలక ముందు మూగవాడగును. మొద్దువాడనుకొంటిమి. ఒకనాడు బొమ్మలో కంటిని చూపి ఇదేమని అడిగితిమి. “కన్” అనెను. “కాదు, ఆఖి” అని దిద్దితిమి. వాడు తల వంచుకొనెను. రాత్రి భోజనవేళకు గాని మాకు స్ఫురింపలేదు: వాడు చెప్పినది మన కన్నే! దురువ భాషయు తెలుగువలె ద్రావిడ కుటుంబములోనిదే. సిగ్గుపడితిమి. మరునాటినుండి ప్రతి బొమ్మకును ముందు వాని మాట చెప్పించుకొని, పిదప ఒడియా మాట నేర్పితిమి. నెల తిరుగకముందే వాడు తానై ప్రశ్నింపసాగెను.

ఈ దారి క్రొత్తది కాదు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల భాష నేర్చి, అందు వాచకములు వ్రాసి, వారి బిడ్డలకు బడులు పెట్టించి, 1931లో దాని వ్యాకరణమును ప్రకటించిరి. ఒడిశా ప్రభుత్వము 2006–07లో పది గిరిజన భాషలలో ప్రాథమిక బోధన నారంభించినది. ఐరోపాలోను ఇదే కథ. సుమారు వేయియేండ్ల క్రిందట భారతదేశమునుండి వెడలిన రోమా జనుల బిడ్డలను, వారి భాషను ఆచారమును గణింపని పరీక్షలు పెట్టి, చెక్ దేశములో మందబుద్ధుల బడులకు పంపిరి. అది వివక్షయని ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము 2007లో తీర్పు చెప్పినది.

మన బిడ్డలకు తెలుగు చదువు కావలెనని సభలలో కోరుచున్నాము, న్యాయమే. ఆ న్యాయమునే పొరుగు గూడెపు బిడ్డకును కోరుదము. మన మనుమలతోపాటు వానిని అరుగుపై కూర్చుండబెట్టుకొని, తప్పని దిద్దుటకు ముందు వాని మాటను విందము.