కొల్లేరూ, డిఫాల్టూ, ఒక ఖాళీ లైనూ

నేను కంప్యూటర్ల గురించి రాస్తే మా ఊళ్ళో ఎవరూ చదవరు. కొల్లేరు గురించి రాస్తే మా టీమ్‌లో ఎవరూ చదవరు. ఈసారి రెండూ కలిపి రాస్తున్నాను, కనీసం సగం సగమైనా చదువుతారని ఆశ :)

ముందు ఉద్యోగం సంగతి. నాది ఏఐఎక్స్ అడ్మిన్ పని. లైనక్స్, క్లౌడ్ అంటూ లోకం ఎటు పోయినా, ఐబీఎం పవర్ సర్వర్ల మీద ఏఐఎక్స్ నడుపుకునే బ్యాంకులు ఇంకా ఉన్నాయి కాబట్టి నా జీతం కూడా ఉంది. ఏఐఎక్స్‌లో 'నిమ్' అని ఒకటి ఉంటుంది. నెట్‌వర్క్ ఇన్‌స్టలేషన్ మేనేజ్‌మెంట్ అన్నమాట. ఒక సర్వర్ మాస్టర్‌గా కూర్చుని, మిగతా మెషీన్లన్నిటికీ నెట్‌వర్క్ మీదుగా ఓఎస్ ఎక్కిస్తుంది. డీవీడీ పట్టుకుని ఒక్కో మెషీన్ దగ్గరికీ తిరగక్కర్లేదు. కాకపోతే ఎక్కించేముందు ప్రతి మెషీన్నీ మాస్టర్‌కి పరిచయం చెయ్యాలి: పేరేంటి, ఏ నెట్‌వర్కు, గేట్‌వే ఏది, సబ్‌నెట్ మాస్కెంత. నాలుగైదు మెషీన్లయితే మెనూలో కొట్టుకుంటూ పోవచ్చు. ముప్ఫై దాటితే చేతులు నొప్పెడతాయి, తప్పులూ వస్తాయి.

అందుకని 'నిమ్‌డెఫ్' అనే కమాండుంది. ఒక మామూలు టెక్స్ట్ ఫైల్లో మెషీన్లన్నీ రాసి దానికిచ్చేస్తే అదే వరసగా చదువుకుని అన్నిటినీ డిఫైన్ చేసేస్తుంది. ఫైల్ రాసే పద్ధతి కూడా సులువే. మెషీన్ పేరు, పక్కన కోలన్, కింద దాని వివరాలు ఒక్కో లైన్లో ఒక్కోటి. ఈ ముక్కని స్టాంజా అంటారు. అన్నిటికీ ఒకే విలువ ఉండే వివరాలని ముప్ఫైసార్లు రాయడం దేనికని, పైన 'డిఫాల్ట్' పేరుతో ఒక స్టాంజా పెట్టుకోవచ్చు. అక్కడ ఒకసారి రాస్తే దాని కింద వచ్చే మెషీన్లన్నిటికీ వర్తిస్తుంది. అప్పుడు ఒక మెషీన్‌కి పేరూ కోలనూ రాసి ఊరుకున్నా చాలు. నోరు మెదపనివాళ్ళందరూ డిఫాల్టుకి ఒప్పుకున్నట్టే లెక్క.

ఈ ఆఖరి వాక్యం గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

మా దగ్గర టెస్టింగ్ కోసం వాడే మెషీన్లు ముప్ఫై ఆరు. పాత నిమ్ మాస్టర్ తీసేసి కొత్తది పెడుతున్నాం. పేర్లు పెట్టే పని నాకు అప్పగించారు. ఎప్పుడూ టెస్ట్01, టెస్ట్02 అని ఏం పెడతాం అని, నేను ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం పాసింజర్లో నాలుగేళ్ళు కాలేజీకి తిరిగిన దారంతా తెచ్చి పెట్టేశాను. ఏలూరు, దెందులూరు, భీమడోలు, పూళ్ళ, కైకరం, చేబ్రోలు, బాదంపూడి, గూడెం. అవి అయిపోయాక కొల్లేరు వైపు దిగాను. కైకలూరు, ఆకివీడు, కొల్లేటికోట, ఆటపాక. మా టీమ్‌లో తమిళమ్మాయి ఒకావిడ 'భీమడోలు' పలకడం నేర్చుకోవడానికి రెండ్రోజులు తీసుకుంది.

ఈ ముప్ఫై ఆరింటిలో ముప్ఫై మూడింటికి కొత్తగా ఓఎస్ ఎక్కించాలి. మిగిలిన మూడింటిని మాస్టర్‌కి పరిచయం చేసి వదిలెయ్యాలి, ముట్టుకోకూడదు. వాటి మీద టెస్టింగ్‌వాళ్ళ పని నడుస్తోంది. కొత్త మాస్టర్ నుంచి బ్యాకప్ తీసుకోవడానికి వీలుగా ఉండాలి, అంతే.

ఎక్కించాల్సినవన్నీ ఒక గ్రూపులో ఉంటే, గ్రూపు పేరు చెప్పి ఒక్క కమాండ్‌తో పని ముగించవచ్చు. అందుకని డిఫాల్ట్ స్టాంజాలో మెషీన్ గ్రూప్ ఈక్వల్టు 'కొల్లేరు' అని రాశాను. మినహాయించాల్సిన మూడింటిలో కైకరానికీ బాదంపూడికీ ఏ గ్రూపూ అక్కర్లేదు. కాబట్టి వాటి కింద మెషీన్ గ్రూప్ ఈక్వల్టు అని రాసి, పక్కన ఏమీ రాయకుండా వదిలేశాను. విలువ ఖాళీగా ఉంటే ఆ ఒక్క మెషీన్‌కి డిఫాల్ట్ రద్దు అని అర్థం. మూడోది ఆటపాక. దాన్ని టెస్టింగ్‌వాళ్ళ గ్రూపులో పెట్టాలి. అందుకని దాని కింద మెషీన్ గ్రూప్ ఈక్వల్టు ఆ గ్రూపు పేరు రాశాను. డిఫాల్ట్ కొట్టుకుపోయి నేను రాసింది నిలుస్తుందనుకున్నాను.

ఎందుకనుకోను చెప్పండి? గేట్‌వే అయినా, సబ్‌నెట్ మాస్కయినా ఇందులో అంతే. మెషీన్ కింద రాస్తే డిఫాల్ట్ పోతుంది. రెండుసార్లు రాస్తే ఆఖరుది నిలుస్తుంది. ఒక్క మెషీన్ గ్రూప్ మాత్రమే వేరు. ఒక మెషీన్ ఎన్ని గ్రూపుల్లోనైనా ఉండొచ్చు కాబట్టి అక్కడ కొత్తది పాతదాన్ని తీసెయ్యదు, దాని పక్కన చేరుతుంది. డిఫాల్ట్ గ్రూపులోంచి బయటికి రావాలంటే ముందు ఒక ఖాళీ లైను రాయాలి, ఆ తర్వాత కావలసిన గ్రూపు రాయాలి. మాన్యువల్‌లో ఉదాహరణతో సహా ఉంది ఈ సంగతి. నేను చదివాను కూడా. చదివిన మూడు వారాలకి మర్చిపోయాను.

ప్రివ్యూ చూడలేదా అంటారేమో. చూశాను. నిమ్‌డెఫ్‌కి మైనస్ పి ఇస్తే ఏదీ డిఫైన్ చెయ్యకుండా ఫైల్ చదివి, ఏ స్టాంజాలు సరిగ్గా ఉన్నాయి, ఏవి లేవు, లేకపోతే ఎందుకు లేవు, కొత్తగా ఏ నెట్‌వర్కులు తయారు చెయ్యాల్సి వస్తుంది, అన్నీ చెబుతుంది. ముప్ఫై ఆరూ సరిగ్గా ఉన్నాయంది. నిజమే, ఉన్నాయి. ఆటపాక రెండు గ్రూపుల్లో ఉండటం తప్పేమీ కాదు కదా. నేను రాసింది కమాండ్‌కి అర్థమయిందా అనేదే ప్రివ్యూ చూస్తుంది. నా మనసులో ఉన్నదే నేను రాశానా అనేది దానికెలా తెలుస్తుంది?

ఇదంతా సంక్రాంతికి ఊరొచ్చి, చెరువు గట్టు మీద ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని చేశాను. గ్రూపు మొత్తానికి ఇన్‌స్టలేషన్ కమాండ్ ఇచ్చి, ల్యాప్‌టాప్ మూసి, భోజనానికి వెళ్ళాను. ఇన్‌స్టలేషన్ మధ్యలో ఎవరినీ ఏమీ అడగకుండా, పాతది చెరిపేసి కొత్తది రాసేలా అన్నీ ముందే సెట్ చేసి పెట్టాను. అదో గొప్ప అప్పట్లో నాకు. ముప్ఫై మూడు మెషీన్లు రీబూట్ అవ్వాలి. ముప్ఫై నాలుగయ్యాయి.

సాయంత్రం ఫోనొచ్చింది. ఆటపాక మీద టెస్టింగ్‌వాళ్ళు మూడు వారాలుగా తయారు చేసుకున్న డేటా మొత్తం పోయింది. వేరే వాల్యూమ్ గ్రూపులో ఉంటే బతికేది, వాళ్ళు హోమ్ డైరెక్టరీలోనే పెట్టుకున్నారు. బ్యాకప్పా? కొత్త మాస్టర్ పెట్టాక తీద్దామనుకున్నాం. బ్యాకప్ తీయడానికి పరిచయం చేసిన మెషీన్‌నే చెరిపేశానన్నమాట. ఫోన్లో అవతలి అమ్మాయి తిట్టలేదు. "ఇట్స్ ఓకే, మళ్ళీ చేసుకుంటాం" అంది. తిట్టినా బాగుండేది.

ఆ రాత్రి నా ముఖం చూసి నాన్న అడిగారు, ఏంట్రా అని. నిమ్ గురించి నాన్నకెలా చెప్పను? "అందరికీ కలిపి పైన ఒక గీత గీశాను నాన్నా, ఒకణ్ణి బయట పెట్టాలని మర్చిపోయాను" అన్నాను. నాన్న నవ్వారు. "కాంటూరు గీత లాగానా?" అన్నారు.

మా వైపు కాంటూరు అంటే ఎవరికీ వివరించక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం: కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉంది కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు లాంటివి వచ్చి కలుస్తాయి, నీళ్ళు సముద్రానికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. చేపల చెరువులు సరస్సుని తినేస్తున్నాయని 1999 అక్టోబరులో జీవో 120తో ప్లస్ 5 కాంటూరు దాకా, అంటే సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత దాకా, 308 చదరపు కిలోమీటర్లని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో గీత లోపలి చెరువు గట్లు పేల్చేశారు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. నాకు గుర్తున్నది ఆ చప్పుడే.

ఆ గీత తప్పని నేననను. గీతంటూ లేకపోతే ఆటపాకలో గూడబాతులు వాలడానికి ఏం మిగిలేదో నాకు తెలియదు. కానీ ఆ గీత లోపల సరస్సూ ఉంది, చెరువులూ ఉన్నాయి, జనానికి పట్టాలున్న జిరాయితీ భూములూ ఉన్నాయి. ఎత్తు కొలిచే గీతకి ఆ తేడాలు కనిపించవు. గీతని ప్లస్ 3కి కుదించాలని 2008లో అసెంబ్లీ తీర్మానం చేసింది. వాదన ఆ తర్వాతా నడుస్తూనే వచ్చింది. ఎవరిది న్యాయమన్నది ఈ టపాలో తేలేది కాదు. నాన్న అన్న మాట మాత్రం రాసుకున్నాను. "గీసేవాడికి ఒకటే గీతరా. దాని కింద ఉన్నోడికి ఎవడి చేను వాడిది."

జీవోనీ కాన్ఫిగరేషన్ ఫైల్నీ ఒకే గాటన కట్టేస్తున్నానని మీకనిపించవచ్చు. నిజమే, ఆటపాక మెషీన్‌కి పిల్లాజెల్లా లేరు. కానీ రెండిటిలోనూ పని జరిగే తీరు ఒకటే. పైన ఒక్క లైను, కింద వందలకొద్దీ పేర్లు. మినహాయింపు ఉందని అందరికీ తెలిసినంత మాత్రాన సరిపోదు. అది ఆ పేరు కింద రాసి ఉండాలి. రాయనిది ఒప్పుకున్నట్టే లెక్క.

మా సీనియర్‌కి జరిగిందంతా చెప్పాను. ఆయన అడిగింది ఒకటే ప్రశ్న. "గ్రూపులో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టావా?" లేదు. ఎల్ఎస్‌నిమ్ ఒక్కసారి కొడితే సభ్యుల పేర్లన్నీ వచ్చేవి. ముప్ఫై మూడుండాల్సిన చోట ముప్ఫై నాలుగు కనిపించేవి. పది సెకన్ల పని.

అప్పటినుంచి నేను మార్చుకున్న పద్ధతులు ఇవి. ఏఐఎక్స్ కాకపోయినా మీకూ పనికిరావచ్చు.

ఫైల్లో మినహాయింపులన్నీ ఒకచోట, డిఫాల్ట్ స్టాంజా కంటే పైనే పెడతాను. నిమ్‌డెఫ్‌లో డిఫాల్ట్ అనేది రాసిన చోటునుంచి కిందకే పనిచేస్తుంది, పైవాటికి తగలదు. ఆటపాకని డిఫాల్ట్‌కి పైన రాసి ఉంటే ఈ గొడవే లేదు. గేట్‌వే, మాస్కు లాంటివి దానికి విడిగా రాయాల్సి వచ్చేది, రాస్తే పోయేదేముంది?

ప్రివ్యూతో ఆగకుండా మైనస్ సి కూడా ఇస్తాను. అది డిఫైన్ చెయ్యకుండా, చెయ్యబోయే కమాండ్లన్నీ షెల్ స్క్రిప్టుగా బయటికి రాసిస్తుంది. ప్రివ్యూలో ఫైల్ కనిపిస్తుంది, ఇందులో ఫలితం కనిపిస్తుంది. విసుగ్గా ఉన్నా చదువుతాను. తప్పుగా టైప్ చేసిన వివరం పేరుని నిమ్‌డెఫ్ పట్టించుకోకుండా వదిలేస్తుంది. అప్పుడు దాని స్థానంలో డిఫాల్ట్ వచ్చి కూర్చుంటుంది. స్క్రిప్టు చదివితే అలాంటివీ దొరుకుతాయి.

గ్రూపు మీద ఏ కమాండ్ ఇచ్చే ముందైనా లెక్క పెడతాను. ఎన్ని ఉండాలో ముందే కాగితం మీద రాసుకుంటాను, చూశాక కాదు.

అన్సిబుల్‌వాళ్ళకి గ్రూప్ వార్స్ ఉన్నాయి, టెరాఫామ్‌వాళ్ళకి డిఫాల్ట్ వేరియబుల్స్ ఉన్నాయి. ఎక్కడ కింద రాసింది పైదాన్ని తీసేస్తుందో, ఎక్కడ దాని పక్కన చేరుతుందో మీ పనిముట్టులో ఒకసారి చూసుకోండి. మీకు తెలుసనుకుంటే ఇంకోసారి చూసుకోండి.

టెస్టింగ్‌వాళ్ళకి ఆ డేటా మళ్ళీ తయారు చెయ్యడానికి పదకొండు రోజులు పట్టింది. అందులో రెండు శనివారాలు నేనూ కూర్చున్నాను. ఆటపాక పేరు మార్చెయ్యమని సరదాగా అడిగారు, నేను మార్చలేదు. ఇప్పుడా మెషీన్ స్టాంజాలో మెషీన్ గ్రూప్ ఈక్వల్టు అని ఒక ఖాళీ లైనుంది. దాని పైన ఒక కామెంట్ కూడా రాశాను: 'ఈ లైను ఖాళీగా ఉందని తీసెయ్యకండి.'