సున్న ఉంటే మన మాట

మా పుట్టిల్లు బట్లహళ్ళి. కర్ణాటకలో, చింతామణి తాలూకాలో, ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఉంటుంది. నా చిన్నప్పుడు మాది కోలారు జిల్లా. 2007లో చిక్కబళ్ళాపురం వేరే జిల్లా అయ్యాక మేమూ అందులో చేరాం. జిల్లా ఏదైతేనేం, మా ఇళ్ళలో మాట మాత్రం తెలుగే. బడిలో కన్నడం, బస్సు బోర్డు కన్నడం, రేషను కార్డు కన్నడం. గడప దాటి లోపలికి వస్తే తెలుగు.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. యాభై ఏడేళ్ళు వచ్చేదాకా నాకు తెలుగు చదవడం రాదు. మా ఆయనది కదిరి వైపు. ఈ పత్రిక ఇంటికి వస్తే ఆయన పైకి చదివేవారు, నేను కూరలు తరుగుతూ వినేదాన్ని. “నేర్చుకోరాదూ?” అని ఆయన అన్నప్పుడల్లా “ఇప్పుడెందుకులెండి” అనేదాన్ని. ముప్పై ఏళ్ళు బెంగళూరులో అలాగే గడిచిపోయాయి.

ఉద్యోగాలు అయిపోయాక అమ్మను చూసుకోవడానికి ఇద్దరం బట్లహళ్ళికి వచ్చేశాం. అమ్మకు ఎనభై దాటాయి. నాన్న ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో పట్టుపురుగులు పెంచేవారు. ఇంటి వెనక పొడుగాటి గది ఉండేది, అందులో తట్టల నిండా మల్బరీ ఆకు, ఆకు మీద పురుగులు. అర్ధరాత్రి లేచి చూసినా అవి ఆకు తినే చప్పుడు చిన్న వానలా వినిపించేది. గూళ్ళు కట్టాక శిడ్లఘట్ట మార్కెట్టుకు వేసుకుపోయేవారు. నాన్న పోయాక ఆ గది మూతపడింది.

ఆ గదిని శుభ్రం చేసి, సున్నం కొట్టించి, నా కుట్టు మిషను అందులో పెట్టుకున్నాను. వీధిలోని నలుగురు ఆడపిల్లలు సాయంత్రాలు కుట్టు నేర్చుకోవడానికి రాసాగారు. అంతా బాగానే ఉంది, ఒక్క చిక్కు తప్ప. అమ్మ దాన్ని “పురుగుల గది” అనే పిలుస్తుంది. “పాపా, పురుగుల గదిలో కూర్చో, మీ ఆంటీ వస్తా ఉండాది” అంటే కొత్తగా వచ్చిన పిల్ల హడలిపోయి వాకిట్లోనే నిలబడింది. ఇలా కాదని, గదికి పేరు పెట్టి తలుపు మీద అక్షరాలతో ఒక అలంకారపు బోర్డు తయారు చేద్దామనుకున్నాను.

ఏ భాషలో రాయాలి? పిల్లలు చదివేది కన్నడం. నా చేతికి వచ్చిందీ కన్నడమే. అయినా ఆ గదిలో మేమంతా మాట్లాడుకునేది తెలుగు. ఇంట్లో గోడ మీద ఒక్క తెలుగు ముక్కయినా లేదే అని మొదటిసారి మనసులో గుచ్చుకుంది. మా ఆయన చేత కాగితం మీద “కుట్టు” అని పెద్దగా రాయించి అమ్మకు చూపించాను. అమ్మ మూడో తరగతి దాకా కన్నడ బడిలో చదువుకుంది. కాగితాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, “మొదట ఉండేది యేం అక్షరమే? ముగ్గు మాదిరి ఉండాది” అంది.

నవ్వొచ్చింది గాని, నాకూ ఆ క తెలియదు మరి! కన్నడం వాళ్ళ క వేరు, మన క వేరు. త, శ కూడా అంతే, చూస్తే కాసేపు ఆగాలి. ఆ కాగితం మడిచి పక్కన పెట్టేశాను. అమ్మ చదవలేని మాట అమ్మ ఇంట్లో తలుపు మీద ఎందుకు?

ఆ రాత్రి కుట్టుపనికి సంబంధించిన మాటలన్నీ వరసగా చెప్పుకుంటూ పోయాను. సూదిని కన్నడంలో సూజి అంటారు. కత్తెర వాళ్ళకు కత్తరి. గుండీ ఇద్దరికీ గుండీయే. దారం దగ్గరికి వచ్చేసరికి ఆగాను. వాళ్ళకు దార, మనకు దారం. రెండక్షరాలు, ఒక సున్న, అంతే. పైగా ఆ గదిలో నాన్న పెంచిన ఒక్కొక్క పట్టుగూటిలోనూ కొన్ని వందల మీటర్ల తెగని దారం ఉండేది. ఇంతకంటే మంచి పేరు దొరుకుతుందా?

ఇక చేసిన విధానం చెబుతాను, మీలో ఎవరైనా చేసుకోవచ్చు. వెనక పలకకు ప్లైవుడ్ కొనలేదు. అటక మీద పాత చంద్రికలు ఉన్నాయి. చంద్రిక అంటే పురుగులు గూళ్ళు కట్టుకోవడానికి వాటిని వదిలే వెదురు చాప, ఆరడుగులకు నాలుగడుగులు ఉంటుంది. దాని మీద వెదురు పట్టీని చుట్టలు చుట్టలుగా నిలబెట్టి కడతారు. ఇప్పుడు చాలామంది ప్లాస్టిక్ వాటిని వాడుతున్నారు. ఒక దాంట్లో చెదపట్టని ముక్క చూసి రెండడుగుల పొడవున కోయించి, పట్టీ ఊడదీసి, అంచుకు పాత చీర జరీ పెట్టి కుట్టాను.

అక్షరాలకు అట్టపెట్టె అట్ట చాలు. మూడు పొరలు ఫెవికాల్‌తో అంటించి, మీద బరువు పెట్టి ఒక రాత్రి వదిలేస్తే పలకలా గట్టిపడుతుంది. ఎనిమిది అంగుళాల ఎత్తున అక్షరాలు గీసుకుని, పదునైన కత్తితో కొద్దికొద్దిగా రెండు మూడుసార్లు కోయాలి. ఒకేసారి నొక్కి కోస్తే వంపుల దగ్గర అట్ట చిరుగుతుంది. కోశాక పాత పంచె గుడ్డ అతికిస్తే అంచులు కనబడవు.

ఇక్కడే నా కన్నడ చెయ్యి బయటపడింది. అక్షరాలు నేనే గీశాను. కోయడం పూర్తయ్యాక మా ఆయన వచ్చి చూసి, “ర బాగుంది గాని దాని తల మీద గొడుగేమిటి?” అన్నారు. కన్నడ ర కు నెత్తిన అడ్డంగా గీత ఉండి, చివర చిన్న మెలిక ఉంటుంది. మన ర కు ఉండేది తలకట్టు, మాస్టారు లెక్క సరి చూసి టిక్కు పెట్టినట్టు. కింద గుండ్రం మాత్రం ఇద్దరిదీ ఒకటే. ఒకప్పుడు రెండు భాషలకూ లిపి ఒకటేననీ, 13వ శతాబ్దం దాటాక మెల్లగా వేరుపడుతూ వచ్చి, 19వ శతాబ్దంలో అచ్చు యంత్రాలు వచ్చాక ఎవరి అక్షరాలు వారికి స్థిరపడ్డాయనీ ఆయన చెప్పారు. ఆ గొడుగు కోసేసి తలకట్టు విడిగా చేసి అంటించాను. తెలుగులో నేను సొంతంగా దిద్దుకున్న మొదటి తప్పు అది.

‘దా’ మీద పట్టుగూళ్ళు అంటించాను. చిలక తొలుచుకుపోయిన గూళ్ళు, మచ్చపడిన గూళ్ళు దారం తీయడానికి పనికిరావు, ఇలాంటి పనికి అవే మేలు. లోపలున్నది దులిపేసి బాగా ఎండబెట్టండి, లేకపోతే పురుగు పడుతుంది. నిలువునా సగానికి కోసి, కోసిన అంచుకు జిగురు రాసి పక్కపక్కన పెట్టాలి. మా వైపు గూళ్ళలో కొన్ని తెల్లనివి, కొన్ని లేత పసుపువి. రంగు వేయాల్సిన పనే లేకపోయింది. ‘ర’ మీద అమ్మ డబ్బాలో ఏళ్ళ తరబడి దాచిన గుండీలు పరిచాను. అందులో నాన్న చొక్కావి కూడా ఉన్నాయి. అమ్మ వాటిని ఒక్కొక్కటే ఏరి నా చేతికిచ్చింది.

సున్నకు గాజు. పాత గాజు ఒకటి తీసుకుని దాని చుట్టూ ఎర్ర పట్టుదారం దగ్గర దగ్గరగా చుట్టాను. గాజులంటే మా తాలూకాలో అందరికీ కైవార తాతయ్య గుర్తొస్తారు. కైవారం నారాయణప్పగారు గాజులు అమ్ముకుని బతికిన మనిషి. తర్వాత యోగి అయ్యారని మా పెద్దవాళ్ళు చెబుతారు. ఆయన కీర్తనలు తెలుగులోనూ ఉన్నాయి, కన్నడంలోనూ ఉన్నాయి. మా ఊళ్ళలో భజనల్లో రెండూ పాడతారు, ఇది ఏ భాష అని ఎవరూ ఆగి అడగరు.

బోర్డు తగిలించిన రోజు అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి చూపించాను. ఏం రాశానో ముందు చెప్పలేదు. అమ్మ వేలు గాలిలో ఆడిస్తూ మెల్లగా, “దా... ర... సున్న... దారం” అంది. ఒక్క క్షణం ఆగి నా వైపు తిరిగింది. “ఇది మన మాట కదే! తెలుగు నాకు చదవను వస్తాదా?”

నేనేమీ మాట్లాడలేకపోయాను. మా ఆయనే “వచ్చింది కదత్తా” అన్నారు. ఎనభై ఏళ్ళకు పైగా మాట్లాడిన భాషలో అమ్మ మొదటిసారి చదివిన మాట అది.

కథ అక్కడితో అయిపోలేదు. వారం తిరక్కుండానే ఒక రాత్రి సున్న ఊడి పడిపోయింది. గాజు అంచు సన్నం, వెదురు ఎగుడుదిగుడు, జిగురు ఎక్కడ పడుతుంది? నేను గమనించలేదు. సాయంత్రం పిల్లలు వచ్చారు, కూర్చున్నారు, కుట్టుకున్నారు. వాళ్ళ కళ్ళకు అది “దార”. కన్నడంలో ఏ లోపమూ లేని మాట! అమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

“సున్న యాడికి పాయనే?”

వెతికితే గాజు మిషను కింద దొరికింది, అదృష్టం కొద్దీ పగలలేదు. అమ్మ దాన్ని కొంగుతో తుడుస్తూ పిల్లలతో అంది: “సున్న లేకపోతే మీ బడి మాట. సున్న ఉంటే మన ఇంటి మాట.”

పిల్లలకు అది మహా సరదాగా తోచింది. అప్పటికప్పుడు లెక్కపెట్టడం మొదలెట్టారు. పుస్తక, పుస్తకం. చిత్ర, చిత్రం. దీప, దీపం. హార, హారం. అన్ని మాటలకూ ఇది కుదరదు సుమండీ, అయినా ఆ సాయంత్రానికి చాలినన్ని దొరికాయి.

మళ్ళీ జిగురు పెట్టలేదు. చిన్న ఇత్తడి కొక్కెం బిగించి గాజును దానికి తగిలించాను. పిల్లలు ఒక్కోసారి అమ్మను ఆట పట్టించడానికి దాన్ని తీసి దాచేస్తారు. అమ్మ వచ్చి చూసి, కేకలేసి, తీసుకుని మళ్ళీ తగిలిస్తుంది. అన్నట్టు, పురుగుల గది అనడం మాత్రం మానలేదు.

నేను ఆ రెండక్షరాలతో ఆగలేదు. రోజుకొక అక్షరం అట్ట మీద గీసి కోశాను. క కు నాలుగు రోజులు పట్టింది, శ కు వారం. వేలితో వంపు తిప్పి కోసిన అక్షరం మరిచిపోవడం కష్టం. కోసినవన్నీ ఒక తట్టలో వేసి పిల్లల ముందు పెడితే వాళ్ళు మాటలు పేర్చుకుంటారు. అమ్మ పక్కన కూర్చుని తప్పులు పడుతుంది, ఒక్కోసారి తనూ తప్పులు చేస్తుంది.

బయట రాష్ట్రాల్లో ఉండే మన ఇళ్ళలో తెలుగు మాట్లాడే నోళ్ళు చాలానే ఉన్నాయి. చదివే కళ్ళే తక్కువ. మీ పక్కింటివారి భాషలోనూ మన భాషలోనూ ఒక్కలాగే ఉండే మాట ఒకటి వెతకండి. ఇంట్లో దొరికే గుండీలతోనో, గింజలతోనో, గాజులతోనో దాన్ని తలుపు మీద పెట్టండి. ముందు ఇంట్లో పెద్దవాళ్ళకు చూపించండి.

ఈ వ్యాసం నేనే నా చేత్తో తెలుగులో రాశాను. మా ఆయన పదకొండు తప్పులు దిద్దారు. వాటిలో మూడు తలకట్టువే.